పది కార్డులు, ఒక ప్రశ్న: టారో స్ప్రెడ్ చదవడం ఎలా

టారో అంటే జోస్యానికి వాడే బొమ్మల కార్డులు. దాని మీద మనసు పడ్డవాళ్లు ముందు డెక్కు, అంటే కార్డుల కట్ట, కొంటారు, ఆ వెంటనే బట్టీ మొదలుపెడతారు. 78 కార్డులు. తిన్నగా పడితే ఒక అర్థం, తలకిందులుగా పడితే ఇంకో అర్థం. నెలా రెండు నెలలు కూర్చుంటే అన్నీ నోటికి వచ్చేస్తాయి కూడా. తీరా ఎదుట పది కార్డులు పరుచుకున్నాక మాట పెగలదు. ఒక్కో కార్డు అర్థం తెలుసు, పదీ కలిసి ఏం చెబుతున్నాయో అంతుపట్టదు. బెంగళూరులో మారతహళ్లి, బెల్లందూరు, కేఆర్ పురం వైపు ఉండే మన తెలుగువాళ్లలో టారో నేర్చుకుంటున్నవాళ్లు నాకు చాలామందే తెలుసు. వాళ్లలో ఎక్కువమంది ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. మిగతావాళ్లు ఫోన్‌లో, చూపించిన కార్డుల గుట్టల్లో ఒకటి ఎంచుకోమనే ‘పిక్ ఎ కార్డ్’ వీడియోలు చూసి, మూడో గుట్ట ఎంచుకున్నాను కాబట్టి ఈ నెలలో సంబంధం కుదురుతుందట అని నమ్మకంగా చెబుతుంటారు.

జరగబోయేది కార్డుల్లో రాసి ఉంటుందని నేను నమ్మను. మనిషి తనకు తాను చెప్పుకోకుండా దాచుకున్న మాటను బయటికి రప్పించడానికి మాత్రం టారో మంచి సాధనమని గట్టిగా నమ్ముతాను. అలా పనికిరావాలంటే ఒక సంగతి మనసుకి ఎక్కాలి. స్ప్రెడ్‌లో, అంటే ఇలా పరిచిన కార్డుల్లో, ఏ కార్డూ ఒంటరిగా ఏమీ చెప్పదు. అడిగిన ప్రశ్న, కార్డు పడిన స్థానం, చుట్టూ ఉన్న కార్డులు, ఈ మూడూ కలిస్తేనే దానికో అర్థం ఏర్పడుతుంది. పుస్తకంలో ఉండే అర్థం ముడిసరుకు మాత్రమే.

ఈ బొమ్మలు ఎక్కడివి

చరిత్ర కొంచెం తెలిస్తే సగం భయం పోతుంది. ఇవి మొదట పేకముక్కలు. ఈజిప్టును ఏలిన మమ్లూక్ సుల్తానుల కాలంనాటి పేకలో కప్పులు, నాణేలు, కత్తులు, పోలో కర్రలు అని నాలుగు రంగులు ఉండేవి. ఆ పేక యూరప్ చేరింది. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీవాళ్లు ఆ నాలుగు రంగులకు బొమ్మలున్న తురుపు ముక్కల వరస ఒకటి కలిపారు. మిలాన్ పాలకులు విస్కోంటీ, స్ఫోర్జా వంశాల కోసం బంగారు పూతతో చేయించిన ముక్కలు కొన్ని ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. మైసూరులో మూడో కృష్ణరాజ ఒడెయరు ఆదరించిన గంజీఫా పేకాట లాగే అది కూడా కొలువులో కాలక్షేపానికి ఆడుకున్న ఆట.

జోస్యం చాలా తర్వాత వచ్చి చేరింది. 1781లో ఆంట్వాన్ కూర్ ద జెబెలిన్ అనే ఫ్రెంచి పండితుడు, ఇవి ప్రాచీన ఈజిప్టు పూజారుల రహస్య గ్రంథమని రాశాడు. అప్పటికి ఈజిప్టు చిత్రలిపి చదవడం ఎవరికీ రాదు. షాంపోలియన్ అనే ఫ్రెంచి పండితుడు దాన్ని ఛేదించింది 1822లో. చదవడం వచ్చాక వెతికితే టారో ఊసే కనబడలేదు. ఈలోగా ఎత్తెయ్యా అనే మారుపేరుతో రాసే ఇంకో ఫ్రెంచాయన 1785లో టారోతో జోస్యం చెప్పే పద్ధతి మీద పుస్తకం వేసేశాడు. కథ ఊరంతా పాకింది.

ఇవాళ మనం ఎక్కువగా వాడే బొమ్మలు 1909లో లండన్‌లో అచ్చయ్యాయి. ప్రచురించింది విలియం రైడర్ కంపెనీ, ఆలోచన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్‌ది, గీసింది పమేలా కోల్మన్ స్మిత్. అంతకుముందు చాలా డెక్కుల్లో అంకెల కార్డుల మీద ఐదు కప్పులంటే ఐదు కప్పుల బొమ్మే ఉండేది, మన పేకముక్కల్లాగే. పమేలా ఆ ముక్కల్లో చాలావాటిలో మనుషుల్ని పెట్టింది. మంచు కురుస్తున్న వీధి, వంగిపోయిన వీపు, కళ్లకు గంతలు, పక్కన ఎవరో. చాలా పెద్ద పని చేశాను, ముట్టింది మాత్రం కొంచెమే అని ఆ ఏడాదే ఒక ఉత్తరంలో చెప్పుకుంది. 1951లో ఇంగ్లండ్‌లోని బ్యూడ్ అనే ఊళ్లో పేదరికంలోనే పోయింది. డెక్కు పేరులో ఎన్నో ఏళ్లు రైడర్, వెయిట్ ఇద్దరే ఉన్నారు. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లకి నేను ముందు పమేలా పేరు చెబుతాను, పుస్తకం మూసి బొమ్మ చూడమంటాను. ఈ కార్డుల్లో చదవదగ్గది ఏదైనా ఉంటే, ఎక్కువ భాగం ఆవిడ గీతల్లోనే ఉంది.

డెక్కులో కార్డుల విభజన గురించి రెండు మాటలు. 22 కార్డులు మేజర్ ఆర్కానా. ఫూల్‌తో మొదలై వరల్డ్‌తో ముగుస్తాయి. మిగిలిన 56 మైనర్. ఇవి నాలుగు రంగులు, ఒక్కో రంగులో 14. వాండ్స్ అంటే కర్రలు, చేసే పనీ ఉత్సాహమూ. కప్స్ మనసు, బంధాలు. సోర్డ్స్ ఆలోచన, మాట, తగవు. పెంటకిల్స్ అంటే నాణేలు. డబ్బు, ఒళ్లు, ఇల్లు, రోజువారీ బతుకు వీటి కిందికి వస్తాయి. మొదలుపెట్టడానికి ఇంత చాలు.

ప్రశ్న సరిచేయడం

నా దగ్గరికి వచ్చే ప్రశ్నల్లో సగం ‘అవుతుందా, కాదా’ రకం. ఆన్‌సైట్ వస్తుందా? హెచ్‌1బీ లాటరీలో పేరు తగులుతుందా? అతను మళ్లీ ఫోన్ చేస్తాడా? వీటికి కార్డుల దగ్గర జవాబు లేదు. వీసా లాటరీలో పేరు తీసేది అమెరికా ప్రభుత్వ కంప్యూటరు, బెల్లందూరులో నేను కలిపే డెక్కుతో దానికి ఏ సంబంధమూ లేదు. అదే ప్రశ్నను ‘వీసా రాకపోతే ఈ ఏడాదిని ఏం చేసుకోవాలనుకుంటున్నాను?’ అని తిప్పితే అప్పుడు బొమ్మలకు పని దొరుకుతుంది.

ఎదుట లేని మనిషి మనసులో ఏముందని అడిగితే కూడా నేను కార్డులు తీయను. అక్కడ నేనేం చెప్పినా అది కల్పనే. ఆ కల్పన పట్టుకుని ఒకరు ఇంకొకరితో తెగతెంపులు చేసుకునే ప్రమాదం ఉంది.

ప్రశ్న ఒక్క వాక్యంలో, తెలుగులో, కాగితం మీద రాయమంటాను. ఇంగ్లీషులో అడిగితే ‘కెరీర్ గైడెన్స్’ అని రెండు మాటల్లో తేల్చేస్తారు. తెలుగులో రాయాలంటే ఎవరి గురించి, ఏం కావాలి, ఎప్పటికి అన్నవన్నీ వాక్యంలోకి రాక తప్పదు. ఒక్కోసారి ఆ వాక్యం రాసేసరికే సగం విషయం తేలిపోతుంది.

స్థానం చేసే పని

స్ప్రెడ్ అంటే ముందే పేర్లు పెట్టుకున్న ఖాళీల వరస. కార్డు పడకముందే ఆ చోటు దేని గురించో తేలిపోయి ఉండాలి. విభక్తి నామవాచకానికి చేసే పనే స్థానం కార్డుకి చేస్తుంది. రాముడు, రాముణ్ణి, రాముడికి, రాముడితో: మనిషి ఒక్కడే, వాక్యంలో పాత్ర మారిపోతుంది. ఫైవ్ ఆఫ్ పెంటకిల్స్‌లో మంచులో నడిచే ఇద్దరు పేదవాళ్లున్నారు. అది ‘గతం’లో పడితే ఇంట్లో చూసిన లేమి. ‘భయం’లో పడితే రాబోతుందని నువ్వు అనుకుంటున్న లేమి, నిజంగా రావాలని లేదు. ‘చుట్టుపక్కలవాళ్లు’ అన్న చోట పడితే నీ పక్కనే ఎవరో ఇబ్బందిలో ఉన్నారేమో చూసుకోవాలి. ఈ తేడా పట్టించుకోకుండా ‘డబ్బు నష్టం’ అని చదివేస్తే పది స్థానాలు పెట్టుకుని లాభం లేదు.

మూడు కార్డుల స్ప్రెడ్‌లో అందరూ వాడేది గతం, వర్తమానం, భవిష్యత్తు. నాకు అది నచ్చదు. మూడో ఖాళీకి ఆ పేరు పెట్టగానే రీడర్ జోస్యంలోకి జారక తప్పదు. దాని బదులు ‘ఉన్న పరిస్థితి, అడ్డు, నా చేతిలో ఉన్నది’ అని పెట్టుకుంటే మూడూ వాడుకునేవే అవుతాయి.

పెద్ద స్ప్రెడ్‌లలో పేరున్నది కెల్టిక్ క్రాస్, పది కార్డులది. ప్రాచీన కెల్టిక్ పద్ధతి అని చెప్పి దాన్ని అచ్చులోకి తెచ్చింది వెయిటే. మధ్యలో ఒక కార్డు, దాని మీద అడ్డంగా ఇంకొకటి. పైన ఒకటి, కింద ఒకటి, వెనక ఒకటి, ముందు ఒకటి. పక్కన నిచ్చెనలా కింది నుంచి పైకి నాలుగు. ఎలా చదవాలో సూత్రాలుగా చెప్పడం కన్నా ఒక రీడింగ్ చూపిస్తాను.

ఒక రీడింగ్, మొదటి నుంచి

మా పిన్ని కూతురు అవుటర్ రింగ్ రోడ్డు మీద ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తుంది. తను ఒప్పుకుంది కాబట్టే రాస్తున్నాను, కొన్ని వివరాలు మార్చాను. పిన్ని మదనపల్లెలో ఒక్కతే ఉంటుంది. మోకాలి ఆపరేషన్ అయింది. బెంగళూరు వచ్చేయమంటే రాదు. శుక్రవారం రాత్రి బస్సెక్కడం, ఆదివారం రాత్రి తిరిగి రావడం. ఆఫీసువాళ్లేమో వారానికి నాలుగు రోజులు రావాల్సిందే అన్నారు. ‘ఉద్యోగం మానేయనా అక్కా?’ అంటూ వచ్చింది.

ఆ ప్రశ్నను అలాగే తీసుకోలేదు. కాసేపు మాట్లాడాక తను కాగితం మీద రాసింది ఇది: అమ్మ విషయంలో నేను తీసుకోబోయే నిర్ణయంలో ఇంతవరకు లెక్కలోకి తీసుకోనిది ఏమిటి?

పది కార్డులూ పరిచాక వెంటనే చదవడం మొదలుపెట్టకూడదు. ఒక నిమిషం మొత్తం చూడాలి, రంగులు లెక్కపెట్టాలి. తనకి పెంటకిల్స్ నాలుగు వచ్చాయి, వాండ్స్ రెండు, కప్స్ ఒకటి, సోర్డ్స్ ఒకటి, మేజర్ రెండు. పది కార్డుల్లో ఒక రంగు సగటున రెండు లోపే వస్తుంది, కాబట్టి నాలుగు ఎక్కువే. అమ్మ మీద బెంగ అనుకుంటూ వచ్చింది గానీ, బల్ల మీద ఎక్కువగా కనిపిస్తున్నవి డబ్బు, ఒళ్లు, ఏర్పాట్లు. ‘దీన్ని మనం బెంగగా కాకుండా పనిగా కూడా చూడొచ్చేమో’ అన్నాను. తను తలూపింది, పూర్తిగా ఒప్పుకోలేదు.

మధ్యలో, ప్రశ్నకి గుండెకాయ లాంటి చోట, టెన్ ఆఫ్ వాండ్స్. పది కర్రల మోపు రెండు చేతులా ఎత్తుకుని ఒక మనిషి వంగి నడుస్తుంటాడు. దూరంగా ఇళ్లు కనిపిస్తాయి. అతనికి మాత్రం కనిపించవు, మొహం కర్రల్లో కూరుకుపోయి ఉంటుంది. దీనికి వివరణ ఏం కావాలి. దాని మీద అడ్డంగా పడింది సిక్స్ ఆఫ్ కప్స్. పాతకాలపు ఇంటి ముంగిట ఒక పిల్లవాడు చిన్నపిల్లకి పూలు పెట్టిన కప్పు ఇస్తుంటాడు. పుస్తకాలన్నీ దీన్ని తీపి జ్ఞాపకం అంటాయి. కానీ ఇది పడింది అడ్డుపడే స్థానంలో. తీపి జ్ఞాపకం దేనికి అడ్డుపడుతుంది? అదే తనని అడిగి ఊరుకున్నాను. చాలాసేపు చూసి, ‘నేను వెళ్లిపోతే ఇల్లు మునుపటిలా అయిపోతుందనుకుంటున్నానక్కా. అమ్మ వంటింట్లో నిలబడి దోసెలు పోస్తూ, నాన్న పేపరు చదువుతూ’ అంది. వాళ్ల నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఇక్కడ అడ్డం పడింది ప్రేమే.

ఇప్పుడు నిలువు వరస. పైన, అంటే మనసులో కోరుకునే ఆదర్శం ఉండే చోట, క్వీన్ ఆఫ్ పెంటకిల్స్. తోటలో కూర్చున్న రాణి, ఒళ్లో నాణెం, కాళ్ల దగ్గర ఒక కుందేలు. ఇల్లు చూసుకునే మనిషే, సంపాదన ఉన్న మనిషి కూడా. ఉద్యోగం మానేసిన కూతురి బొమ్మ అయితే కాదది. కింద, పునాది ఉండే చోట, ఫైవ్ ఆఫ్ పెంటకిల్స్. నేను డబ్బు గురించి మాట వస్తుందనుకున్నాను. తను ముందు చూసింది ఆ ఇద్దరిలో ఒకతని చంకకర్రల్ని. ‘అమ్మ వాకర్’ అంది. వాళ్ల వెనక వెలుగుతున్న రంగుటద్దాల కిటికీ ఉంటుంది. ‘లోపల దీపాలున్నాయి కదా, వీళ్లు ఎందుకు వెళ్లట్లేదు?’ అని అడిగాను. ‘తలుపు కనిపించట్లేదు’ అంది. తర్వాత తనే చెప్పింది. నాన్నకి జబ్బు చేసి జీతం ఆగిపోయిన రోజుల్లో పిన్ని ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదట. అడగకూడదు అన్నది ఆ ఇంట్లో ఎవరూ పైకి అనని నియమం.

అడ్డ వరస తొందరగా అయిపోయింది. వెనక ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్, బల్ల ముందు కూర్చుని ఒక్కో నాణెం చెక్కే పనివాడు. ఆరేళ్ల ఉద్యోగం. ముందు టూ ఆఫ్ సోర్డ్స్, కళ్లకు గంతలు కట్టుకుని రెండు కత్తులు అడ్డంగా పట్టుకుని కూర్చున్న ఆడమనిషి. ఇలాగే సాగితే ముందున్నది నిర్ణయం తీసుకోకుండా నెట్టుకురావడమే. వారం వారం బస్సు ఆ పనే చేస్తోందని తనకే తోచింది.

నిచ్చెనలో అన్నిటికన్నా కింద, తన తీరుని చెప్పే చోట, నైన్ ఆఫ్ వాండ్స్ పడింది. దాని మీద మాకు పెద్దగా ఏమీ తట్టలేదు. వదిలేశాం. ప్రతి కార్డుకీ బలవంతంగా మాట కట్టాల్సిన పని లేదు. దాని పైన, చుట్టూ ఉన్నవాళ్ల స్థానంలో, త్రీ ఆఫ్ పెంటకిల్స్. కడుతున్న చర్చిలో శిల్పి బల్ల మీద నిలబడి ఉంటాడు, ఇద్దరు నక్షా పట్టుకుని అతనితో మాట్లాడుతుంటారు. మొత్తం స్ప్రెడ్‌లో నాకు ముఖ్యమనిపించింది ఇదే, ఎందుకంటే ఇది పునాదిలో ఉన్న కార్డుకి ఎదురు మాట్లాడుతోంది. అక్కడ తలుపు లేని కిటికీ, ఇక్కడ ముగ్గురు కలిసి ఒక కాగితం చూడడం. రెండూ పెంటకిల్సే. ‘మీ తమ్ముడు ఏమంటున్నాడు?’ అని అడిగాను. తమ్ముడు తిరుపతిలో బ్యాంకులో పనిచేస్తాడు. ‘వాడికి చంటిబిడ్డ, వాడినేం ఇబ్బంది పెడతాం?’ అంది. ‘అడిగావా?’ అన్నాను. అడగలేదు. కాగితం మీద రాసిన ప్రశ్నకి జవాబు అక్కడ ఉంది.

తొమ్మిదో స్థానం ఆశలూ భయాలూ ఉండే చోటు. అక్కడ డెత్ కార్డు. నల్ల కవచం వేసుకున్న అస్థిపంజరం తెల్లగుర్రం మీద వస్తుంటుంది. తన మొహం పాలిపోయింది. ‘అమ్మకేమైనా...’ అని ఆగిపోయింది. ఇలాంటప్పుడు రీడర్ మొదట చేయాల్సిన పని స్థానం పేరు గుర్తుచేయడం. ‘ఇది నీ భయం కూర్చునే కుర్చీ. ఇక్కడ ఏ కార్డు పడినా అది నీ భయాన్నే చెబుతుంది, జరిగేదాన్ని చెప్పదు. అమ్మ గురించి నీకు ఈ భయం ఉందని కార్డు చూడకముందే మనిద్దరికీ తెలుసు’ అన్నాను. తర్వాత బొమ్మ పూర్తిగా చూడమన్నాను. గుర్రం కింద రాజు పడిపోయి ఉంటాడు. మతగురువు చేతులు జోడిస్తాడు. ఒక అమ్మాయి మొహం తిప్పుకుంటుంది. చిన్నపిల్ల ఒక్కతే గుర్రాన్ని నేరుగా చూస్తుంటుంది. వెనక రెండు బురుజుల మధ్య సూర్యుడు. అమ్మ పెద్దదైపోయిందన్న మాటని తను మొదటిసారి పైకి అన్నది ఆ చిన్నపిల్లని చూస్తూనే.

చివరి చోటులో టెంపరెన్స్. దేవత ఒక కాలు నేల మీద, ఒక కాలు నీళ్లలో పెట్టి, ఒక కప్పులోంచి ఇంకో కప్పులోకి నీళ్లు వంచుతుంటుంది. ఈ స్థానాన్ని చాలామంది ‘ఫలితం’ అంటారు. నేను ‘పై తొమ్మిదీ అర్థం చేసుకుంటే తెరుచుకునే దారి’ అంటాను. అంతా శుభం అని ఈ కార్డుకి అర్థం చెప్పి పంపించేయడం తేలిక. బొమ్మ చెబుతున్నది పాళ్ల గురించి. ఇటు ఎంత, అటు ఎంత. మానేయడం, మానకపోవడం అని రెండే దారులనుకుని వచ్చిన పిల్ల, నెలలో ఎన్ని రోజులు తను, ఎన్ని రోజులు తమ్ముడు, పగలు పనిమనిషి, ఆఫీసులో ఏం అడగొచ్చు అని అదే కాగితం వెనక రాసుకోవడం మొదలుపెట్టింది.

ఇవే కార్డులతో ఇంకొకరు వేరే మాట చెప్పొచ్చు. ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్ వెనకబడిపోయింది, టెన్ ఆఫ్ వాండ్స్ నడుం విరుస్తోంది, కాబట్టి మానేయ్ అనొచ్చు. అదీ తప్పేమీ కాదు. రెండు రీడింగుల్లో ఏది మేలో తేల్చడానికి నేను చూసేవి రెండు. ఎక్కువ కార్డుల్ని కలుపుకుపోతున్నది ఏది, అడిగిన మనిషి జీవితంలోని సంగతులు దేనికి అంటుకుంటున్నాయి. మానేయ్ అంటే పైనున్న క్వీన్, పక్కనున్న త్రీ రెండూ గాల్లో మిగిలిపోతాయి.

భయపెట్టేవాళ్ల లెక్క

డెత్, డెవిల్, టవర్, త్రీ ఆఫ్ సోర్డ్స్, టెన్ ఆఫ్ సోర్డ్స్. జనం జడుసుకునేవి ముఖ్యంగా ఈ ఐదు. 78లో పది కార్డులు తీస్తే డెత్ కార్డు రావడానికి 10/78 అవకాశం, అంటే దాదాపు ఎనిమిది స్ప్రెడ్‌లకి ఒకసారి. ఐదింట్లో కనీసం ఒకటి పడే అవకాశం లెక్కేస్తే 50 శాతం పైనే. అంటే కెల్టిక్ క్రాస్ వేయించుకునే ఇద్దరిలో ఒకరికి ‘చెడ్డ’ కార్డు వస్తుంది. దాన్ని చూపించి దోషం ఉంది, ఎవరో ఏదో చేయించారు, శాంతికి ఇంత కట్టండి అనేవాళ్లు బెంగళూరులోనూ ఉన్నారు, ఫోన్‌లోనూ ఉన్నారు. అలా అన్న క్షణం లేచి వచ్చేయండి. కట్టిన ఫీజు పోతే పోయింది. మేజర్ కార్డులు మూడు వచ్చాయి కాబట్టి ఇది విధి నిర్ణయం అనేవాళ్లదీ అదే బాపతు. పది కార్డుల్లో మేజర్లు సగటున 2.8 వస్తాయి.

భయపెట్టకుండా మెప్పించేవాళ్ల విషయంలోనూ జాగ్రత్త కావాలి. 1948లో అమెరికాలో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన 39 మంది విద్యార్థులకి ఎవరి వ్యక్తిత్వ వివరణ వాళ్లదని చెప్పి కాగితాలిచ్చాడు. నిజానికి అందరికీ ఒకటే కాగితం, జ్యోతిషం పుస్తకంలోంచి ఏరిన వాక్యాలు. ఎంత సరిపోయిందో 5కి మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. మన ఊళ్లలో సోది చెప్పే ఆవిడ ‘నీ కడుపులో ఒక మాట ఉంది తల్లీ, పైకి చెప్పుకోలేకున్నావు’ అంటే కాదనగలిగేవాళ్లెవరు? అందుకని రీడింగ్‌లో ఏ మాట విన్నా ఒక పరీక్ష పెట్టుకోండి. ఈ మాట నా పక్క సీట్లో కూర్చునేవాళ్లకి చెప్పినా సరిపోతుందా? సరిపోతే పక్కన పడేయండి. ‘తమ్ముణ్ణి అడగలేదు’ అన్నది ఇంకెవరికీ సరిపోదు, పైగా అది నేను చెప్పింది కాదు, తను చెప్పింది. వేలమందికి ఒకేసారి చెప్పే వీడియో రీడింగులు నాకు పనికిరావు అనిపించడానికి కారణం కూడా ఇదే. అక్కడ మీ ప్రశ్న లేదు, మీరు మాట్లాడే చోటు లేదు.

తలకిందుల కార్డుల గురించి అడుగుతారు. వెయిట్ వాటికి వేరే అర్థాలు ఇచ్చాడు. వాటిని అసలు వాడని మంచి రీడర్లు చాలామంది ఉన్నారు. మొదటి ఏడాది వదిలేయండి, నష్టమేమీ లేదు.

కార్డులు పక్కన పెట్టాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. స్కాన్ రిపోర్టు, గర్భం, కోర్టు కేసు, షేర్లు: వీటిలో దేనికీ స్ప్రెడ్ వేయకూడదు. నిద్ర పట్టట్లేదు, బతకాలని లేదు అని ఎవరైనా అంటే ఆ మాట దగ్గరే డెక్కు మూసేయాలి. హోసూరు రోడ్డులో మానసిక వైద్యానికి నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళ ఫోన్ చేసినా డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఊరుగాని ఊళ్లో పీజీ గదిలో ఒంటరిగా ఉండేవాళ్లకి ఈ నంబరు తెలిసి ఉండడం ఏ రీడింగ్ కన్నా ముఖ్యమని నా అభిప్రాయం.

చివరిగా, మళ్లీ మళ్లీ తీయడం గురించి. నచ్చని కార్డు వచ్చిందని అదే రాత్రి ఇంకోసారి, పొద్దున్నే ఇంకోసారి తీసేవాళ్లున్నారు. నచ్చేది వచ్చేదాకా తీస్తే ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, అది రీడింగ్ అనిపించుకోదు. తేదీ, ప్రశ్న, ఏ చోట ఏ కార్డు, మీరన్న మాట, ఇవి నోటుపుస్తకంలో రాసి ఉంచండి. ప్రశ్నకి సంబంధించి బయట ఏదైనా మారితేనే మళ్లీ డెక్కు ముట్టుకోండి. మా పిన్ని కూతురు కొన్నాళ్లకి మళ్లీ వచ్చింది. ఈలోగా ఏం మారిందని అడిగాను. నెలలో రెండు వారాలు మదనపల్లె నుంచే పని చేసుకోవడానికి ఆఫీసువాళ్లు ఒప్పుకున్నారు. తమ్ముడు మిగతా వారాంతాలు తనవే అన్నాడు గానీ మరదలికి ఇష్టమో కాదో తెలియట్లేదు. పాత ప్రశ్న తీరిపోయింది కాబట్టి కొత్తది రాయమన్నాను. ఈసారి మరదలి మనసులో ఏముందని రాయబోయి, కొట్టేసి, మరదలితో ఈ మాట ఎలా మొదలుపెట్టాలి అని రాసింది. దానికి మూడు కార్డులు సరిపోయాయి.